పై పెదవి కింద

మార్చి 4, సోమవారం

ఫైలు నాకిచ్చారు. నాకే!

ఏడు నెలలుగా వేరేవాళ్ళ ఫైళ్ళలో పట్టికలు సరిచూసి, పేజీ నంబర్లు దిద్ది, ఎక్కడా పేరన్నది లేకుండా బతికినదాన్ని. ఈరోజు పదకొండున్నరకి మైక్రోగ్రామ్ మేడమ్ నన్ను గదిలోకి పిలిచి, నేలమీదున్న నాలుగు అట్టపెట్టెల్ని కళ్ళజోడుతో చూపించి, "ఇది నువ్వు చూడు. ఏప్రిల్ ఐదుకల్లా నివేదిక కావాలి. కింద సంతకం నీదే" అన్నారు. ఆఫీసంతా ఆవిణ్ణి ఆ పేరుతోనే పిలుస్తుంది, ఎదురుగా తప్ప. ఆవిడ దృష్టిలో మిల్లీగ్రామనేది మోటు మనుషుల కొలత. "అలాగే మేడమ్" అని మామూలు గొంతుతో అని, బయటికొచ్చి, ఎవరూ లేని మెట్ల మీద రెండంతస్తులు గెంతుకుంటూ దిగాను. పెట్టెలు పైనే వదిలేశానని అప్పుడు గుర్తొచ్చింది.

పెట్టెల్లో ఉన్నది అమ్మకానికి అనుమతి అడుగుతూ ఒక కంపెనీ పెట్టుకున్న దరఖాస్తు, పన్నెండు వందల పేజీలు. వస్తువు మాత్రం గోరంత. నికోటిన్ పొడి నింపిన తెల్ల సంచి. టీ సంచికి పాపాయి పుడితే ఇలాగే ఉంటుంది. పొగ లేదు, నమలడం లేదు, ఉమ్మడం లేదు. పై పెదవికీ చిగుళ్ళకీ మధ్య పెట్టుకుని అరగంట మర్చిపోవడమే. డబ్బాకి ఇరవై. పుదీనా, నిమ్మ. నాలుగు మిల్లీగ్రాములది ఒకటి, ఎనిమిదిది ఒకటి. కంపెనీ రెండు మాటలు చెబుతోంది. సిగరెట్టు మానలేనివాళ్ళకి దానికంటే ఇది మేలు. ఎన్నడూ పొగాకు ముట్టనివాళ్ళు దీన్ని రుచి చూసినా అలవాటు పడరు. మొదటి మాటతో నాకు పెద్ద తగువు లేదు. రెండోది నిజమా కాదా అన్నది తేల్చాలి. నిజమని నేను రాస్తే బజారులోకొస్తుంది. కాదంటే రాదు.

నేను రాస్తే! సాయంత్రం ఇంట్లో అక్కకీ బావకీ చెప్పాను.

"బావా, ఇవాళ్టి నుంచి నేను అసలు సిసలు విషాల నిపుణురాల్ని!"

"నీ చేతి కాఫీ తాగిన రోజే తెలిసింది మరదలా" అన్నాడు.

బావ లిఫ్ట్ మెకానిక్. మూడేళ్ళ కిందట సిగరెట్లు మానేశాడు. అప్పట్నుంచి జేబులో లవంగాలు, నోట్లో వెటకారాలు.

మార్చి 5, మంగళవారం

నివేదిక ఫారంలో ఆరో పేజీన "రుచి, స్పర్శ, వాడకంలో అనుభవం" అని ఒక గడి ఉంది. ఇదివరకటి ఫైళ్ళు పద్నాలుగు తీసి చూశాను. పద్నాలుగింటిలోనూ ఆ గడిలో "కంపెనీ వివరణ చూడుము" అనే రాసి ఉంది. చూడుమట! ఇంత కుతూహలం లేని మనుషులు శాస్త్రంలోకి ఎందుకొస్తారో.

మంగళవారం మిగులు నమూనాలు నాశనం చేసే రోజు. ల్యాబు పరీక్షలకి పోగా మిగిలిన డబ్బాల్ని వెనక పెరట్లో బ్లీచింగ్ నీళ్ళ బకెట్టులో ముంచి, ముద్ద చేసి, ఎర్ర సంచిలో కట్టి, కాల్చడానికి పంపాలి. ఫారం మీద రెండు సంతకాలుండాలి. ముంచినవాళ్ళది ఒకటి, ముంచగా చూసినవాళ్ళది ఇంకొకటి. చూడాల్సింది స్టోరు బాబాయిగారు. ఆయన మోకాలు మెట్లు దిగనంటుంది.

"పన్నెండు డబ్బాలమ్మా. నువ్వు ముంచెయ్. నేనిక్కణ్ణించే చూస్తా."

"ఇక్కణ్ణించి పెరడు కనపడదు బాబాయిగారూ."

"మనసుతో చూస్తాలే తల్లీ. సంతకం పెట్టేశా, చూసుకో."

పదకొండు ముంచాను.

అనుభవం: పెట్టుకోగానే మంట, మిరియం కొరికినట్టు. తర్వాత చల్లదనం. నాలుగో నిమిషాన ఎక్కిళ్ళు. ఆరో నిమిషాన పెరటి గోడ నా వైపు ఒకడుగు వేసింది. బోర్లించిన బకెట్టు మీద కూచుని నాలో నేను నవ్వుకున్నాను. నాడి డెబ్భై రెండు నుంచి తొంభై ఆరుకి వెళ్ళింది. ఆ గడి చాలక పక్క కాగితం జోడించాను. ఈ ఆఫీసు చరిత్రలో ఆ గడిని నింపింది నేనొక్కదాన్నే!

ఈరోజు: ఒకటి. ఫైలు కోసం.

మార్చి 6, బుధవారం

ఈరోజు: ఒకటి. నిన్నటిది ఖాళీ కడుపున. తిన్నాక ఎలా ఉంటుందో కూడా రాయాలి కదా.

మార్చి 8, శుక్రవారం

ఈరోజు రెండు. నిలబడి ఒకటి, కూచుని ఒకటి.

ఈ వారం ఎంత బాగుంది! కిటికీ అవతల పావురాలు కూడా ఏదో పదోన్నతి వచ్చినట్టు నడుస్తున్నాయి. నూట ఎనభై పేజీలు చదివేశాను. ఇదివరకు ఇరవై పేజీలకే కుర్చీలో మెలికలు తిరిగేదాన్ని. ఒక్కచోట కుదురుగా కూచోదని చిన్నప్పుడు అమ్మ నన్ను బొంగరం అనేది. చూడమ్మా, బొంగరం కుదురుకుంది. ఇష్టమైన పని దొరికితే మనిషి ఇలా మారిపోతుందన్నమాట.

ఒక సంగతి ఇక్కడ రాసుకోవాలి. నాలుగు మిల్లీగ్రాముల్లో సుమారు సగమే ఒంట్లోకి వెళుతుంది. అది రక్తంలో ఎంతసేపటికి ఎంతకి చేరుతుందో, ఎప్పుడు సగానికి దిగుతుందో నాకు కంఠతా తెలుసు. అలవాటు అనేది ఆ లెక్క తెలియనివాళ్ళ సమస్య. నాకు గీత ఎక్కడుందో తెలుసు కనక దాన్ని దాటను.

మార్చి 12, మంగళవారం

పది డబ్బాలు. తొమ్మిది ముంచాను. పుదీనా అయిపోయింది. నిమ్మ సంగతి రాయకపోతే నివేదిక ఒంటికన్నుదవుతుంది.

బాబాయిగారు ఈసారీ మనసుతోనే చూశారు.

ఈరోజు: మూడు. ఫైలు కోసం.

మార్చి 15, శుక్రవారం

కంపెనీవాళ్ళతో మీటింగు. తెర మీద వాళ్ళ పెద్దమనిషి. జుట్టూ మాటా రెండూ ఒకే నూనెతో దువ్వినట్టున్నాయి. ఇటు మేడమూ, నేనూ.

నేను మెరిశాను! ఏడు ప్రశ్నలడిగాను. ఐదో ప్రశ్నకి ఆయన కాగితాలు వెతుక్కున్నాడు. ఆరో ప్రశ్నకి నీళ్ళు తాగాడు. ఏడోది అడుగుతుండగా ఎక్కిళ్ళు మొదలయ్యాయి, నాకు. ఆయన అంత దూరం నుంచి ఎంతో మర్యాదగా, "మీరు కూడా కొంచెం నీళ్ళు తాగండి" అన్నాడు. తాగాను. పెదవి కింద ఉన్నది గొంతు దాకా వచ్చి వెనక్కి వెళ్ళింది. కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయన తన జవాబుకి నేను చలించిపోయాననుకున్నట్టున్నాడు.

మీటింగయ్యాక మేడమ్, "ప్రశ్నలు బాగున్నాయి. పొద్దున ఏమన్నా తిన్నావా?" అన్నారు.

ఆవిడ ఏడు నెలల్లో నన్నడిగిన మొదటి సొంత ప్రశ్న. గుండె ఉప్పొంగింది. ఉప్పొంగడం అంటే నిమిషానికి నూట నాలుగు.

మార్చి 19, మంగళవారం

ఎనిమిది మిల్లీగ్రాములది చూడకుండా ఎనిమిది మిల్లీగ్రాముల గురించి రాసే హక్కు నాకెక్కడిది? ఈ ప్రశ్న నాకు నేనే వేసుకున్నాను. రెండు డబ్బాలు తీసుకున్నాను.

మార్చి 20, బుధవారం

లెక్క రేపు రాస్తాను.

మార్చి 21, గురువారం

మూడో అధ్యాయం చిత్తు ప్రతి పూర్తి. తొమ్మిదో పట్టిక స్పష్టంగా ఉంది. పొగాకు ఎన్నడూ ముట్టనివాళ్ళు రెండు వందల పన్నెండు మందికి ఆరు వారాలు డబ్బాలు ఉచితంగా ఇచ్చారు. చివరి రోజున అడిగితే "ఇంకా వాడుతున్నాం" అన్నవాళ్ళు ముగ్గురు. రెండు వందల పన్నెండులో ముగ్గురు! కాబట్టి కంపెనీ రెండో మాట కూడా నిజమే. "ఆందోళన స్వల్పం" అని రాశాను.

దీనికి నేనే సాక్ష్యం. పదహారు రోజులుగా రుచి చూస్తున్నాను. నాకేమన్నా అలవాటైందా?

మార్చి 22, శుక్రవారం

"ఈమధ్య బాగా నవ్వుతున్నావు" అన్నారు మేడమ్.

"మొదటి ఫైలు కదా మేడమ్."

మార్చి 24, ఆదివారం

నిన్న మధ్యాహ్నం డబ్బా ఖాళీ అయింది. మంగళవారం దాకా ఎటూ పని లేదు కనక పట్టించుకోలేదు. పట్టించుకోలేదు అనే రాస్తున్నాను.

పొద్దున అక్క ట్యూషన్ పిల్లలకి గుణకారం చెబుతోంది. ఎనిమిది ఏళ్ళు, ఎనిమిది తొమ్ములు అంటూ ఒక పిల్ల రాగం తీస్తుంటే, నా గదిలోంచి "నోరు ముయ్యవే!" అని అరిచాను. ఏడేళ్ళ పిల్ల మీద. అక్క వచ్చి తలుపు దగ్గర నిలబడి, కోప్పడకుండా, "ఒంట్లో బాలేదా?" అంది. అలా అడగడం కంటే రెండు తగిలించినా బాగుండేది.

తర్వాత హాండ్‌బ్యాగు బోర్లించాను. రైన్‌కోటు జేబులు చూశాను. ఆపైన, ఇది రాయడానికి పెన్ను మొరాయిస్తోంది, వంటింటి వెనక చెత్తబుట్ట దగ్గర కూచుని, శుక్రవారం పారేసిన వాడేసిన సంచుల్ని వెతికాను. కాఫీ పొడి ముద్దల మధ్య రెండు దొరికాయి. ఒకదాన్ని కొళాయి కింద కడుగుతున్నాను.

"అది పోయిన ఉంగరమా, జారిన ముత్యమా మరదలా? అంత శ్రద్ధగా కడుగుతున్నావు!"

బావ. గుప్పిట మూశాను. గుప్పిట్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఆఫీసు నమూనా. ఫైలు కోసం."

"ఆహా. మీ ఆఫీసు మా ఇంటి చెత్తబుట్టలోకి ఎప్పుడు మారింది?"

నేను నవ్వాను. అతనూ నవ్వాడు. ఆ తర్వాత అతను మాత్రం ఆపేసి, గట్టు మీద చతికిలబడి, లవంగం ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పుతూ చెప్పాడు. సిగరెట్టు మానేశానని అక్కకి చెప్పిన మొదటి ఏడాది అతను మాననేలేదట. ఏ బిల్డింగులో పనున్నా పైన మోటారు గదిలోకి ఎక్కి, తలుపేసుకుని కాల్చేవాడట. "మానేశారా అని మీ అక్క అడిగితే మానేశానే అనేవాణ్ణి. అబద్ధమాడుతున్నానని అనిపించేది కాదు. మోటారు గదిలోది లెక్కలోకి రాదని నా నమ్మకం. ఒకరోజు ప్యాకెట్టు ఖాళీ అయి, ఆ గది నేల మీద పాత పీకలు ఏరుకుంటున్నా. కింద లిఫ్టులో ఎవరో ఇరుక్కుని బెల్లు కొడుతూనే ఉన్నారు. నేను మాత్రం పెద్ద పీక కోసం చూస్తున్నా."

"నీది వేరు బావా."

"అవును, నాది చదువు లేని పీక." లవంగం నోట్లో వేసుకున్నాడు. "నిజం చెప్పు. వాడుతున్నావా?"

"లేదు."

దేవుడి తోడు, ఆ క్షణాన అది నిజమనే అనుకున్నాను.

మార్చి 25, సోమవారం

చేతులు ఊరికే ఉండవు. వాక్యం మొదలుపెడితే చివరికి వెళ్ళేలోగా మొదలు మర్చిపోతున్నాను. అక్షరాలు చదవలేక అంకెలు చదువుదామని నాలుగో పెట్టె అడుగున ఉన్న అనుబంధాలు తీశాను. వాటిని ఎవరూ తెరవరు. దారం ముడి కూడా విప్పి లేదు.

అందులో చివరి రోజున ఆ రెండు వందల పన్నెండు మందికీ ఇచ్చిన ప్రశ్నల కాగితం ఉంది. తొమ్మిదో పట్టికలోని "ముగ్గురు" ఎక్కణ్ణించి వచ్చారో అప్పుడు చూశాను. ఒకే ఒక్క ప్రశ్న. "మీరు దీన్ని వాడుతున్నారా? అవును / లేదు."

అంతే.

కుర్చీలోంచి లేచి గదంతా తిరిగాను. ఒకటే నవ్వు. పక్క గది టైపిస్టు తలుపు తోసి చూసింది. నిన్న నన్ను ఇదే ప్రశ్న అడిగారు. తడి గుప్పిట పెట్టుకుని నేను లేదన్నాను!

డబ్బాలు ఎవరెవరు ఎన్నెన్ని తీసుకెళ్ళారో ఎక్కడో రాసే ఉంటారు. రాయకుండా ఇవ్వరు. వెతకాలి.

మార్చి 26, మంగళవారం

దొరికింది! పదకొండో అనుబంధం. సన్నక్షరాలు, ముప్ఫై పేజీలు, మనిషికొక వరస. వారంవారం ఎన్ని డబ్బాలు అడిగి తీసుకున్నారు, ఎన్ని ఖాళీవి తిరిగిచ్చారు. నలభై ఏడో నంబరు మనిషి మొదటి వారం ఒకటి, చివరి వారం నాలుగు, అన్నీ ఖాళీ. చివరి రోజు జవాబు: "లేదు." నూట ఆరో నంబరు: "లేదు." చివరి వారం ఐదు డబ్బాలు. జవాబు పక్కన పెన్సిలుతో "అప్పుడప్పుడూ, పని ఎక్కువున్నప్పుడు" అని రాశాడు పాపం. నూట ఆరూ, నిన్ను కావలించుకోవాలని ఉంది.

ఒక స్కేలు పెట్టుకుని రెండు వందల పన్నెండు వరసలూ చూశాను. చివరి వారంలో డబ్బాలు ఖాళీ చేస్తూ "లేదు" అన్నవాళ్ళు యాభై ఎనిమిది మంది. అవునన్న ముగ్గురితో కలిపి అరవై ఒక్కరు. నూటికి ఇరవై తొమ్మిది! కంపెనీ అబద్ధం రాయలేదు. మనుషుల్ని అడిగింది, మనుషులు చెప్పింది రాసుకుంది, డబ్బాల్ని మాత్రం అడగలేదు.

"ఆందోళన స్వల్పం" అన్న పేజీని నాలుగు ముక్కలు చేశాను. ఎంత హాయిగా చిరిగిందో!

ఇవాళ మంగళవారం కూడా. మూడు డబ్బాలు తీసుకున్నాను. ఈ పది రోజులే. ఇంత పెద్ద విషయం కనిపెట్టాక చేతులు వణుకుతూ రాయలేను కదా. నివేదిక ఇచ్చిన మర్నాడే ఆపేస్తాను. ఇది రాసి పెట్టుకుంటున్నాను కనక మాట తప్పేది లేదు.

మార్చి 29, శుక్రవారం

నివేదిక తొంభై నాలుగు పేజీలు. మేడమ్ నిలబడే చదివారు. ఆవిడ నిలబడి చదవడం ఎవరూ చూసి ఉండరు. పదకొండో అనుబంధం తెప్పించుకుని తానే నలభై వరసలు లెక్కపెట్టారు. కళ్ళజోడు తీశారు.

"ఇరవై రెండేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను. నేనైతే ఈ కట్ట విప్పేదాన్ని కాదు. నీకెందుకు తోచింది?"

"ఓపిక మేడమ్."

ఓపికట! నాకు! చిన్నపిల్ల ఎనిమిదో ఎక్కం చదివితే వినలేని దానికి.

"కంపెనీ వకీళ్ళు దీన్ని వదలరు. ప్రతి అక్షరం పట్టుకుని లాగుతారు. అంకెల్లో నీ తప్పు లేదు. అంకెల్ని ఏమీ చెయ్యలేకపోతే అంకెలు రాసిన మనిషిని పట్టుకుంటారు. చివరి పేజీ నింపి సోమవారం ఇచ్చెయ్."

నా ఫైలు. నా సంతకం. ఇంటికి వెళ్తూ బస్సులో ఎవరో ముసలాయన కాలు తొక్కితే ఆయనకి థాంక్స్ చెప్పాను.

ఏప్రిల్ 1, సోమవారం

చివరి పేజీ అంటే ప్రతి నివేదికకీ కుట్టే ఒక అచ్చు కాగితం. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళవి నేనే కుట్టాను, ఎన్నడూ చదవలేదు.

"సమీక్షకురాలినైన నాకు ఈ ఉత్పత్తితో గాని, దీని తయారీదారుతో గాని ఎలాంటి సంబంధమూ లేదు. నేను దీన్ని వాడటం లేదు."

దాని కింద గీత.

పెన్ను మూత తీశాను. పెదవి కింద ఎనిమిది మిల్లీగ్రాములు సలుపుతోంది. మూత పెట్టాను.

రేపటికి ఆపేస్తే రేపు రాయొచ్చు. "వాడటం లేదు" అంటే ఈరోజు వాడటం లేదనే కదా. రేపు పొద్దున్నుంచి వాడను, మధ్యాహ్నం సంతకం పెడతాను. ఎంత తేలిక!

ఏప్రిల్ 2, మంగళవారం

పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా వాడలేదు. ఐదు గంటలు. ఆ ఐదు గంటల్లో అక్కతో గొడవ, కండక్టరుతో గొడవ, స్టేప్లరుతో గొడవ. పదకొండుంబావుకి, ఒక సంచి పెట్టుకున్నాక సంతకం పెడదామనుకుని, పెట్టుకున్నాను. కుదుటపడ్డాను. చేయి వణకలేదు. చక్కటి దస్తూరీతో సంతకం పెట్టగలిగే స్థితిలో ఉన్నాను.

అప్పుడు నూట ఆరో నంబరు మనిషి గుర్తొచ్చాడు. ఈ గీత మీద సంతకం పెడితే నేను యాభై తొమ్మిదోదాన్ని.

రేపో మాపో వకీళ్ళకి ఒక్క ఖాళీ డబ్బా దొరికితే చాలు. నమూనాలు దొంగిలించి వాడిన మనిషి రాసిన లెక్క అంటారు. తొంభై నాలుగు పేజీలూ నాతోపాటు బకెట్టులో మునుగుతాయి. ఇది బజారులోకొస్తుంది. స్కూలు పక్క కొట్లో, నిమ్మ రుచితో. చెప్పేస్తే ఫైలు నాది కాకుండా పోతుంది. ఉద్యోగమూ పోవచ్చు, ప్రొబేషన్లో ఉన్నదాన్ని.

స్టోరు దగ్గరికి వెళ్ళాను. తొమ్మిది డబ్బాలు బల్ల మీదున్నాయి.

"బాబాయిగారూ, ఇవాళ మీరు కిందికి రావాలి. నా పక్కన నిలబడి చూడాలి."

"ఏమ్మా, నా మీద నమ్మకం పోయిందా?"

"నా మీద."

ఆయన నా మొహం చూశారు. మొత్తం చెప్పాను. ఎన్ని ముంచానో, ఎన్ని ముంచలేదో. రేపు మేడమ్‌కి చెబితే ఆయన సంతకాల సంగతీ బయటపడుతుందని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు మోకాలు రుద్దుకున్నారు.

"రాసెయ్యి తల్లీ. నాకింకా రెండు నెలల సర్వీసే ఉంది. నన్నేం చేస్తారు, ఈ మోకాలు జప్తు చేస్తారా? తీసుకుపొమ్మను."

మెట్ల మీద నా భుజం పట్టుకుని ఒక్కొక్క మెట్టుకీ ఒక్కొక్క తిట్టు తిడుతూ దిగారు. మెట్లని, నన్ను కాదు. తొమ్మిదీ ఆయన కళ్ళముందే ముంచాను. నా బ్యాగులో మిగిలినవి కూడా. నీళ్ళు నిమ్మకాయ వాసన వేశాయి. ఆయన తుమ్మారు, నేను నవ్వాను, ఆ నవ్వు ఎంతకీ ఆగకపోతే ఆయన భయపడి నా వీపు తట్టారు.

ఏప్రిల్ 3, బుధవారం

ముందు జరిగింది రాసేస్తాను, లేకపోతే నవ్వొచ్చో ఏడుపొచ్చో ఆగిపోతాను.

ఫైలు నా దగ్గర లేదు. పై అంతస్తులో ఉండే ఇంకో సమీక్షకుడికి వెళ్ళింది. ఆయన మొదటి నుంచీ డబ్బాలన్నీ తానే లెక్కపెడతాడు. అరవై ఒకటే వస్తుంది, నాకు తెలుసు. లెక్క వాళ్ళ డబ్బాలదే, నాది కాదు. కింద సంతకం ఆయనది. నా ప్రొబేషన్ ఏడాది పెంచుతారట. అంతకంటే పైన ఏం చేస్తారన్నది డైరెక్టరు ఇష్టం. స్టోరు గది గడప నేను తొక్కకూడదు. బాబాయిగారికి ఒక మెమో. ఇకపై డబ్బాలు ముంచేటప్పుడు ఆయన కిందే ఉండాలి, కుర్చీ వేసుకుని.

ఇదంతా మేడమ్ చెప్పింది నా మాటలన్నీ అయ్యాక. నేను తొమ్మిదిన్నరకి వెళ్ళి, సంతకం లేని చివరి పేజీ ఆవిడ బల్ల మీద పెట్టి, నిలబడే మొత్తం చెప్పాను. ఏడు డబ్బాలు. నిన్న ముంచినవి పోగా నూట పాతిక సంచులు. కొంచెం అటూ ఇటూ.

"అటా, ఇటా?" అన్నారు.

"నూట ఇరవై ఆరు మేడమ్. ఒకటి రెండుసార్లు వాడాను."

ఆవిడ అరవలేదు. తిట్టలేదు. తొంభై నాలుగు పేజీల మీద చేయి పెట్టి, "నువ్వు సంతకం పెట్టేసి ఉంటే నేను పట్టుకోలేకపోయేదాన్ని" అన్నారు. అప్పుడు కళ్ళు నిండాయి. నాకు కాదు, ఆవిడకి. ఆ వెంటనే సర్దుకుని, సొరుగులోంచి ఒక కాగితం తీశారు. పేరు లేకుండా, వయసూ వృత్తీ మాత్రం రాసి, నా వాంగ్మూలం కూడా ఫైలుకి అనుబంధంగా చేరుస్తారట. ఇదివరకు పొగాకు ముట్టని మనిషి, ఒకరు, ఇరవై ఐదేళ్ళు.

"కూచో. ఇవి మామూలుగా అలవాటైనవాళ్ళని అడిగే ప్రశ్నలు. నాకు నచ్చే జవాబు వద్దు, నీకు నచ్చిన జవాబు వద్దు. పొద్దున నిద్ర లేచాక మొదటిది ఎన్ని నిమిషాలకి?"

"ఒక గంట, మేడమ్."

ఆవిడ రాయలేదు. పెన్ను కాగితం మీదే ఉంది, కదలడం లేదు.

"అరగంట."

కదల్లేదు. బయట టైపిస్టు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది, వంకాయలు లేతవి చూసి తెమ్మంటోంది.

"పది నిమిషాలు."

మేడమ్ నా వైపు చూస్తూనే ఉన్నారు. కోపంగా కాదు. త్రాసు ముల్లు ఊగడం ఆగేదాకా చూస్తాం చూడండి, అలాగ.

"కళ్ళు తెరవకముందే మేడమ్. డబ్బా దిండు కింద ఉంటుంది. చేత్తో తడుముకుంటాను. ఒకరోజు నోట్లో రాత్రిది ఉండగానే కొత్తది పెట్టుకున్నాను."

రాసుకున్నారు. ఒక్క మాటా మార్చకుండా, దిండుతో సహా.

"ఇంకా ఇరవై రెండు ప్రశ్నలున్నాయి. మంచినీళ్ళు తాగుతావా?"

నాకు నవ్వొచ్చింది. పెద్దగానే నవ్వాను. నెల రోజుల్లో పెదవి కింద ఏమీ లేకుండా, ఎవరి దగ్గరా ఏమీ దాచకుండా నవ్వడం ఇదే మొదలు.